అతుకులు ఎన్ని? బెజవాడ నుంచి బాలి దాకా దారి ఎంచుకోవడం

విజయవాడ నుంచి ఇండోనేసియాలోని బాలి ద్వీపానికి నేరుగా వెళ్లే విమానం లేదు. గుంటూరువారికైతే గన్నవరం చేరడమే ఒక ప్రయాణం. అందువల్ల దసరా సెలవులకో వేసవి సెలవులకో ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లదలచినప్పుడు ఎక్కడో ఒకచోట దిగి మరో విమానం ఎక్కక తప్పదు. ఆ దిగేది బెంగళూరులోనా, సింగపూర్‌లోనా, కౌలాలంపూర్‌లోనా అన్న ప్రశ్న రాగానే మనలో చాలామంది ఫోను తీసి, ధరల వరుసలో అన్నిటికంటే పైన కనిపించిన దాన్ని ఎంచుకుంటాం. మా ఇంట్లో ఆరుగురి ప్రయాణానికి (మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్నగారు) దారి వెతుకుతూ నేను రెండు వారాలు ఈ లెక్కల్లోనే గడిపాను. చివరికి నాకు అర్థమైంది ఏమిటంటే, ధర ఆఖరున చూడవలసిన అంకె. ముందుగా చూడవలసినవి మూడు: ఆ ప్రయాణంలో అతుకులు ఎన్ని, ఒక్కొక్క అతుకు ఇమిగ్రేషన్ కౌంటరుకు ఏ వైపున పడుతోంది, అది తెగితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది.

అతుకు అంటే ఒక వాహనం దిగి మరో వాహనం ఎక్కే చోటు. ఈ లెక్క సరిగ్గా వేస్తే, హైదరాబాద్ నుంచి ఎగిరేవారికి మొదటి అతుకు సింగపూర్‌లోనో బెంగళూరులోనో ఉండదు, శంషాబాద్‌లో ఉంటుంది. హైదరాబాద్ దాకా కారులో వెళ్లడాన్ని మనవాళ్లు విదేశీ ప్రయాణంలో భాగంగా లెక్కపెట్టరు. అది ఎప్పుడూ వెళ్లే దారే కదా అనుకుంటారు. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి, మధ్యలో సూర్యాపేటలో టీ తాగడానికి ఆగే సమయం కూడా కలుపుకుంటే, మామూలు రోజున అయిదు గంటలు పడుతుంది. కానీ సంక్రాంతి అయిపోయిన ఆదివారం నాడు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు ముందు హైదరాబాద్ వైపు వెళ్లే కార్ల వరుసను చూసినవారెవరూ అయిదు గంటలని ధైర్యంగా చెప్పలేరు. 2023 జులైలోను, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లోను మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద నీళ్లు రోడ్డెక్కి, రాకపోకలే నిలిచిపోయాయి. 2024లో అదే సమయానికి మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడంతో రైలు దారి కూడా లేకపోయింది. అటువంటి రోజున విమానం అందకపోతే విమానయాన సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. మీరు కూకట్‌పల్లి నుంచి వచ్చారో కృష్ణలంక నుంచి వచ్చారో దానికి అనవసరం.

డబ్బు లెక్కలో కూడా ఈ మొదటి అతుకు మనల్ని మోసం చేస్తుంది. శంషాబాద్ నుంచి వెళ్లే టికెట్టు, గన్నవరం నుంచి వెళ్లే టికెట్టు కంటే మనిషికి 5,000 రూపాయలు తక్కువ అనుకుందాం. ఆరుగురికి 30,000 మిగిలినట్టు కనిపిస్తుంది. ఆరుగురూ పెట్టెలూ పట్టాలంటే పెద్ద బండి కావాలి. ఆ బండి వారం రోజులు అక్కడ ఆగదు కనుక మనల్ని దింపి ఖాళీగా తిరిగి వస్తుంది, మళ్లీ ఖాళీగా వెళ్లి మనల్ని తీసుకొస్తుంది. వెరసి నాలుగు విడతల్లో 1,100 కిలోమీటర్లు. కిలోమీటరుకు 18 రూపాయలు అనుకుంటే 19,800. దానికి టోల్, డ్రైవరు బత్తా, దారిలో రెండు పూటల భోజనాలు కలపండి. విమానం తెల్లవారుజామున అయితే ముందు రోజు రాత్రికి శంషాబాద్ దగ్గర రెండు గదులు కలపండి. ఇక మిగిలిందేమిటో ఎవరికి వారే చూసుకోవచ్చు.

రైల్లో చెన్నై వెళ్లి అక్కడి నుంచి ఎగరడం నా దృష్టిలో కొంత మెరుగైన దారి, ఎందుకంటే సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రో నేరుగా విమానాశ్రయానికే చేరుస్తుంది, రైలు ఖర్చు కారు ఖర్చు కంటే చాలా తక్కువ. అయితే పెట్టెలతో, డెబ్బై దాటినవారితో ఆ మెట్ల మీద ఎక్కి దిగడం వేరే సంగతి. గుంటూరువారికి నల్లగొండ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైళ్లున్నాయి కాని, సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ దాకా ఊరంతా దాటుకుని మళ్లీ రోడ్డు మీద వెళ్లాలి.

గన్నవరం సంగతి చెప్పాలి. 2018 డిసెంబరులో ఇండిగో ఇక్కడి నుంచి సింగపూర్‌కు విమానం మొదలుపెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం ఖాళీ సీట్ల లోటును భరించే ఏర్పాటు మీద నడిచిన ఆ సర్వీసు 2019లో ఆగిపోయింది. 2025 నవంబరులో అది మళ్లీ మొదలైంది. ఊళ్లోంచే విదేశానికి ఎగరడం ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు. కానీ వారంలో కొన్ని రోజులే నడిచే విమానంలో ఒక చిక్కు దాగి ఉంటుంది: ఆ రోజు అది రద్దయితే మరుసటి విమానం సాయంత్రానికి కాదు, రెండు రోజుల తరువాత. బాలిలో అయిదు రోజులకు హోటలు కట్టినవారికి రెండు రోజులంటే సెలవులో దాదాపు సగం. అందుకే ఏ దారి అయినా ఎంచుకునే ముందు ఆ దారిలో రోజుకు ఎన్ని విమానాలున్నాయో చూడాలి. రోజుకు నాలుగైదు విమానాలున్న దారి, పేపరు మీద రెండు గంటలు ఎక్కువ చూపించినా, ఇబ్బంది వచ్చినప్పుడు తక్కువ సమయంలో గట్టెక్కిస్తుంది.

ఇక విమానాల మధ్య అతుకుల దగ్గరికి వద్దాం. ఇక్కడ అసలు తేడా అంతా ఒకే టికెట్టా, విడి టికెట్లా అన్నదాంట్లో ఉంది. గన్నవరం నుంచి డెన్‌పసార్ దాకా (టికెట్ల మీద బాలి విమానాశ్రయానికి ఉండే పేరు అది) ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ తీసుకుంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తరువాతి విమానంలో చేర్చవలసిన బాధ్యత సంస్థదే. రెండు టికెట్లు విడివిడిగా కొంటే, రెండో సంస్థ దృష్టిలో మీరు వేళకు రాని ప్రయాణికులు. ఆ డబ్బు పోయినట్టే. ఒకే టికెట్టుకు ఒక షరతు కూడా ఉంది: మొదటి అంచె ఎక్కకపోతే మిగతా అంచెలన్నీ సాధారణంగా వాటంతట అవే రద్దవుతాయి. గన్నవరం విమానం తప్పిపోయిందని ఎవరికీ చెప్పకుండా కారులో బెంగళూరుకు పరుగెత్తితే అక్కడ మీ పేరు జాబితాలో ఉండకపోవచ్చు.

టికెట్ నిజంగా ఒకటేనా కాదా అన్నది తెలుసుకోవడానికి గన్నవరం చెక్-ఇన్ కౌంటరు దగ్గర ఒక చిన్న పని చేయవచ్చు. పెట్టె పిడికి చుట్టే తెల్లని కాగితపు పట్టీ మీద మూడేసి అక్షరాల ఊరి గుర్తులుంటాయి. అందులో పెద్ద అక్షరాల్లో చివరి గమ్యంగా ‘డీపీఎస్’ అని ఉంటే పెట్టె బాలి దాకా దానంతట అది వెళుతుంది. ‘బీఎల్ఆర్’ అని మాత్రమే ఉంటే బెంగళూరులో బెల్టు దగ్గర నిలబడి దాన్ని తీసుకుని, మళ్లీ మరో కౌంటరులో ఇవ్వవలసింది మీరే. పట్టీ అంటించాక, పెట్టె బెల్టు మీద కదలక ముందే చదువుకోవాలి. నాన్నగారు కళ్లజోడు సవరించుకుని ఆరు పట్టీలూ వరుసగా చదివితే కౌంటరులోని అమ్మాయి విసుక్కోకుండా నవ్వింది. చవక విమానాల విషయంలో మరో మెలిక ఉంది. రెండు అంచెలూ ఒకే సంస్థవి అయినంత మాత్రాన అది కలిపిన టికెట్టు అయిపోదు. ఉదాహరణకు ఎయిర్ ఏషియాలో ‘ఫ్లై-త్రూ’ అనే పద్ధతిలో కొన్నదానికే పెట్టె దానంతట అది మారుతుంది; విడిగా కొన్న రెండు టికెట్లకు మారదు.

పెట్టె తీసుకోవలసి రావడం అంటే బరువు మోయడం మాత్రమే కాదు. విదేశంలో పెట్టె బెల్టు దగ్గరికి వెళ్లాలంటే ఇమిగ్రేషన్ కౌంటరు దాటాలి, అంటే చట్టం దృష్టిలో ఆ దేశంలో ప్రవేశించాలి. ఇక్కడే దారుల మధ్య అసలు తేడా బయటపడుతుంది. సింగపూర్‌కు భారతీయులకు వీసా కావాలి. ఒకే టికెట్ మీద, పెట్టె నేరుగా వెళుతుంటే, చాంగి విమానాశ్రయంలో ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉండి వీసా లేకుండా విమానం మారవచ్చు. విడి టికెట్లయితే వీసా తప్పనిసరి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్, జపాన్ వంటి కొన్ని దేశాల చెల్లుబాటయ్యే వీసా ఉన్న భారతీయులకు 96 గంటల దాకా వీసా లేని ట్రాన్సిట్ వెసులుబాటు ఉంది కాని, ఇంట్లో ఒకరిద్దరికి అమెరికా వీసా ఉండి మిగతా నలుగురికీ లేకపోతే అది కుటుంబానికి పనికిరాదు. పైగా ఈ లోటు బయటపడేది సింగపూర్‌లో కాదు, శంషాబాద్‌లో లేదా చెన్నైలో. పత్రాలు సరిగా లేని ప్రయాణికుణ్ణి తీసుకెళితే జరిమానా పడేది సంస్థ మీద కనుక, చెక్-ఇన్ కౌంటరులోనే ఆపేస్తారు.

పిల్లలు అడిగే ప్రశ్న వేరు. చాంగిలో ‘జ్యువెల్’ అనే అద్దాల గోపురంలో పడే కృత్రిమ జలపాతం 2019 నుంచి ఫోన్ల నిండా ఉంది. అది ఇమిగ్రేషన్‌కు బయటి వైపున ఉంది. వీసా లేనివారు దాని దగ్గర నిలబడలేరు. అయితే ట్రాన్సిట్‌లో ఉన్నవారు రెండో టెర్మినల్ నుంచి మూడో టెర్మినల్‌కు వెళ్లే చిన్న రైలు ఎక్కితే అది ఆ గోపురం లోపలి నుంచే సాగుతుంది. కిటికీ దగ్గర నిలబడితే జలపాతం కొన్ని క్షణాలు కనిపిస్తుంది. మూడో టెర్మినల్‌లోని సీతాకోకచిలుకల తోట మాత్రం లోపలి వైపునే ఉంది.

కౌలాలంపూర్ లెక్క మరోలా ఉంటుంది. 2023 డిసెంబరు 1 నుంచి మలేసియా భారతీయ పర్యాటకులను వీసా లేకుండా 30 రోజులు రానిస్తోంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ రాక పత్రం నింపితే చాలు. అంటే విడి టికెట్లు కొన్నవారు కూడా అక్కడ చట్టబద్ధంగా బయటికి వచ్చి, పెట్టె తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయవచ్చు. ఇటువంటి సడలింపులు గడువుల మీద నడుస్తాయి కనుక టికెట్ కొనే వారంలో మరోసారి చూసుకోవాలి. ఇక్కడ చిక్కు వీసా కాదు, టెర్మినళ్లు. మలేసియా ఎయిర్‌లైన్స్ ఒకటో టెర్మినల్ నుంచి, ఎయిర్ ఏషియా రెండో టెర్మినల్ నుంచి నడుస్తాయి. రెండింటి మధ్య రైలెక్కి వెళ్లాలి. ఒక సంస్థలో వచ్చి మరో సంస్థలో వెళ్లే చవక జోడింపుల్లో ఈ మార్పు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

టెర్మినల్ మారడం ఫరవాలేదు. విమానాశ్రయమే మారిపోవడం నాకు జరిగింది. కొన్నేళ్ల కిందట, థాయ్‌లాండ్ భారతీయులకు దిగిన చోటే వీసా ఇచ్చే రోజుల్లో, బ్యాంకాక్ మీదుగా రెండు విడి టికెట్లు కొన్నాను. రెండింటి మీదా ‘బ్యాంకాక్’ అనే ఉంది. మొదటి విమానం దిగింది సువర్ణభూమిలో. రెండోది ఎగిరేది ఊరికి మరో చివరనున్న డాన్ మువాంగ్ నుంచి. ఆ సంగతి వీసా కోసం 2,000 బాట్‌లు చేతిలో పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నప్పుడు, వెనకాల ఉన్న ఒక తమిళ పెద్దాయన మా కాగితం చూసి చెబితే తెలిసింది. వరుసలో గంటన్నర, పెట్టెల దగ్గర ఇరవై నిమిషాలు, టాక్సీలో గంట పైగా. మేం కౌంటరు చేరేసరికి అక్కడ వెలుగుతున్న తెర మీద మా విమానం పేరు పక్కన ‘క్లోజ్డ్’ అని ఉంది, కౌంటరులో ఎవరూ లేరు. తప్పు ఎవరిదీ కాదు, నాదే. అయినా నలుగురికి ఆ రాత్రికి రాత్రి కొన్న కొత్త టికెట్ల ధర, నేను ఆదా చేశాననుకున్న దానికి మూడింతలైంది.

వీటన్నిటితో పోలిస్తే గన్నవరం, బెంగళూరు, డెన్‌పసార్ దారిలో విమానాల మధ్య అతుకు ఒక్కటే, అదీ మన దేశంలోనే. ఇండిగో 2024 మార్చి నుంచి బెంగళూరు నుంచి బాలికి నేరుగా విమానం నడుపుతోంది. గన్నవరం నుంచి బెంగళూరుకూ దానిదే విమానం ఉంది కనుక ఒకే టికెట్ దొరుకుతుంది. మన భాష, మన ఫోను, మన డబ్బు చెల్లే చోట దిగడం వల్ల, ఇబ్బంది వచ్చినా అమ్మకు మాత్రల వేళ తప్పదు. కానీ ఆ అతుకును తేలిగ్గా తీసుకోకూడదు. 2023 సెప్టెంబరు నుంచి బెంగళూరులో అంతర్జాతీయ విమానాలన్నీ రెండో టెర్మినల్ నుంచే వెళుతున్నాయి. ఇండిగో దేశీయ విమానాలు దిగేది ఒకటో టెర్మినల్‌లో. మధ్యలో బస్సు, ఆ తరువాత ఇమిగ్రేషన్, ఆ తరువాత మరోసారి తనిఖీ. డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరం చుట్టూ పొలాల మీద పొగమంచు కమ్మి ఉదయపు విమానాలు ఆలస్యం కావడం మనకు తెలియనిది కాదు. ఒకే టికెట్ మీద రెండు గంటల వ్యవధి నిబంధన ప్రకారం సరిపోవచ్చు; చక్రాల కుర్చీ కోసం ఎదురుచూసే నాన్నగారికీ, సరిగ్గా అప్పుడే బాత్రూమ్ అనే ఏడేళ్ల పిల్లకూ అది సరిపోదు. నేను నాలుగు గంటల కంటే తక్కువ వ్యవధిని ఒప్పుకోను. ఎనిమిది గంటలు దాటిందాన్నీ ఒప్పుకోను, ఎందుకంటే అంతసేపు కుర్చీల్లో పడిగాపులు పడిన పిల్లలు దిగిన మొదటి రోజంతా నిద్రపోతారు.

ఆరుగురికి కలిపి వెతికితే ఒక్కొక్కరి ధర పెరిగినట్టు కనిపించడానికి కారణం ఉంది. చవక తరగతిలో నాలుగు సీట్లే మిగిలితే, ఆరుగురికీ కలిపి పై తరగతి ధర చూపిస్తారు. నలుగురూ ఇద్దరుగా విడగొడితే కొంత మిగులుతుంది. అలా చేసేటప్పుడు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడగొట్టకూడదు: పన్నెండేళ్లలోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లి లేదా తండ్రి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది, వేరే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లికి అది వర్తించదు. తాతయ్య, నాయనమ్మలను విడిగా పెట్టినా చిక్కే, విమానం రద్దయితే వారిద్దరినీ వేరే విమానంలో వేయవచ్చు. మరొకటి తేదీ. రాత్రి 12:20కి ఎగిరే విమానానికి టికెట్ మీద 16వ తేదీ ఉంటే, ఇంట్లోంచి బయలుదేరవలసింది 15వ తేదీ మధ్యాహ్నం. మన పంచాంగంలో సూర్యోదయంతో రోజు మొదలవుతుంది, విమానాలకు అర్ధరాత్రితో.

యూరప్ వెళ్లేవారికి ఇదే కొలత వర్తిస్తుంది, అతుకులు పడే చోట్లు మాత్రం మారతాయి. లండన్ మీదుగా మరో దేశానికి వెళ్లే భారతీయులకు, అమెరికా వీసా వంటివి లేకపోతే, విమానాశ్రయం దాటకపోయినా ట్రాన్సిట్ వీసా కావాలి. దుబాయ్ మీదుగా వెళుతూ అక్కడ ఒక రాత్రి బయటికి వద్దామనుకునేవారు పాస్‌పోర్టు తెరిచి ఇంటిపేరు గడి చూసుకోవాలి. మన వైపు చాలామంది పాస్‌పోర్టుల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. పేరు ఒకే మాటగా ఉన్నవారిని సందర్శక వీసా మీద అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించి, రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే ఫరవాలేదని తరువాత వివరణ ఇచ్చింది. యూఏఈలోనూ సింగపూర్‌లోనూ గసగసాలు నిషిద్ధం. కనుక కోడికూర మసాలా పొడిలో అవి కలిపి ఉంటే ఆ డబ్బా ఇంట్లోనే ఉంచడం మంచిది. ఆలస్యానికి పరిహారం విషయంలో మాత్రం ఒక సంగతి కొందరికే తెలుసు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, అక్కడి విమానాశ్రయం నుంచి బయలుదేరే ఏ సంస్థ విమానమైనా, సంస్థ బాధ్యత ఉన్న కారణంతో గమ్యానికి మూడు గంటలు ఆలస్యమైతే, 3,500 కిలోమీటర్లు మించిన ప్రయాణానికి మనిషికి 600 యూరోల దాకా కోరవచ్చు. అక్కడికి వెళ్లే విమానానికి ఇది వర్తించాలంటే ఆ సంస్థ యూరోపియన్ యూనియన్‌ది కావాలి. అంటే హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సాలో వెళ్లేవారికి రానూపోనూ రక్షణ ఉంటుంది, గల్ఫ్ సంస్థలో వెళ్లేవారికి వచ్చేటప్పుడే.

తిరుగు ప్రయాణాన్ని వెళ్లే ప్రయాణానికి అద్దంలో బొమ్మలా అనుకోవడం మరో పొరపాటు. బాలి నుంచి బెంగళూరు మీదుగా వచ్చేటప్పుడు, పట్టీ మీద గన్నవరం అని ఉన్నా, సాధారణంగా దేశంలో మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి. వెళ్లేటప్పుడు లేని పని అది. పైగా రాత్రి పొద్దుపోయి బెంగళూరులో దిగితే గన్నవరానికి ఆ వేళకు విమానం ఉండదు, తెల్లవారే దాకా టెర్మినల్‌లో కూర్చోవాలి. అదే శంషాబాద్‌లో దిగితే, అలసిన డ్రైవరుతో అర్ధరాత్రి 275 కిలోమీటర్లు. నేను మా నాన్నగారిని ఆ దారిన ఆ వేళ తీసుకురాను. మేం వెళ్లడానికీ రావడానికీ బెంగళూరు దారినే ఒకే టికెట్‌గా కొని, వచ్చేటప్పుడు మాత్రం ఇరవై నాలుగు గంటల లోపే ఉండేలా పొడవాటి వ్యవధి ఎంచుకుని, రాత్రికి విమానాశ్రయం దగ్గర రెండు గదులు తీసుకున్నాం. పెట్టెలు ఎలాగూ చేతికి వస్తాయి కనుక ఉతికిన బట్టలు తీసుకోవడానికి కూడా వీలైంది. శంషాబాద్ దారి కంటే మొత్తం మీద మాకు 11,000 రూపాయలు ఎక్కువైంది. మర్నాడు మధ్యాహ్నం గన్నవరంలో దిగి, ఎన్టీఆర్ సర్కిల్ దాకా రావడానికి ముప్పావు గంట పట్టింది.